సింగమ్మ జరిమానా, రాజుగారి జరీ అంగీ

రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. కలువపురి రాజు అనంగసింహుడు దెబ్బలు కొట్టించే రకం కాదు పాపం, జరిమానాలు వేసే రకం. ఆయనకి మధ్యాహ్నం కునుకు పడకపోతే సాయంత్రం దాకా లోకమంతా శత్రువులాగే కనబడేది. ఆ కునుకు పట్టాలంటే తలగడకి రోజూ ఉతికిన గలేబు ఉండాలి.

ఒక మధ్యాహ్నం ఆ కునుకు కాస్తా చెడింది. కోట గోడ కింద ఏటి రేవులో ఎవరో బండకేసి బట్టలు బాదుతున్నారు. ధబ్, ధబ్, ధబ్!

"నా నిద్రవేళ చప్పుడు చేసినవాళ్ళకి పది వరహాలు జరిమానా!" అని రాజు పక్క మీదనుంచే హుకుం జారీ చేశాడు.

ఆ చప్పుడు కోట బట్టలుతికే సింగమ్మది. మొగుడు పోయాక ఒంటిచేత్తో సంసారం లాక్కొస్తున్న మనిషి. పది వరహాలు ఎక్కణ్ణుంచి తెస్తుంది? జరిమానాల అధికారి పెద్దిరాజుకి మాత్రం పండగే. గడువు దాటిందని రెట్టింపు చేశాడు. మళ్ళీ దాటిందని మళ్ళీ రెట్టించాడు. చివరికి, "రాజుగారి పుట్టినరోజు ముందునాడు ఇల్లు జప్తు చేసి ముద్ర వేస్తా. అదే నేను ప్రభువుకిచ్చే కానుక!" అని ఊరంతా చాటించుకున్నాడు.

సింగమ్మ పరుగున ఆస్థాన విదూషకుడు బాచన ఇంటికి వచ్చింది. రాజుని నవ్విస్తూనే నాలుగు మంచిమాటలు చెప్పగలవాడు బాచన ఒక్కడే.

"అయ్యా, నాకున్నది ఆ ఇల్లూ, గాడిదా, బట్టలుడకేసే బానా. అవి పోతే పిల్లల్ని తీసుకుని ఏ గంగలో దూకమంటారు?" అని బావురుమంది.

ఎదురు చెబితే రాజు మరింత బిగుసుకుంటాడని బాచనకి తెలుసు. కాసేపు గడ్డం గోక్కుని అడిగాడు.

"పుట్టినరోజు పండక్కి ఎవరెవరి బట్టలు నీ దగ్గరకొస్తాయి?"

"ఎవరివి రావో అడగండి! రాజుగారి జరీ అంగీ కాణ్ణుంచి అందరివీ నాకాడికే. ముందునాటికి గంజిపెట్టి మడతేసి ఇంట్లో ఉంచుతాను. పండగ తెల్లారి ఇచ్చొస్తాను."

"అయితే జప్తుకి అడ్డుపడకు. ఆ బట్టలు నీవి కావని నలుగురి ముందూ ఒక్కసారి చెప్పు. ఆపైన నోరెత్తకు."

మర్నాడు కొలువులో బాచన అమాయకంగా మొహం పెట్టాడు.

"పెద్దిరాజుగారూ, మీరు జప్తుకి వెళితే, 'ఈ సామాను నాది కాదు, పక్కింటివాళ్ళది' అంటారేమో. అప్పుడేం చేస్తారు?"

పెద్దిరాజు మీసం దువ్వాడు. "నా దగ్గరా ఆ నాటకాలు? ఇంట్లో ఏముంటే అదంతా జప్తే. 'అది నాది' అంటూ ఎవడైనా వచ్చాడా, వాడికీ అంతే జరిమానా!"

"భేష్!" అని రాజు అక్కడికక్కడే దాన్ని శాసనం చేశాడు.

అన్నట్టే పండగ ముందునాడు పెద్దిరాజు భటులతో సింగమ్మ ఇంటి మీద పడ్డాడు. వీధి వీధంతా మూగింది.

"అయ్యా, లోపలున్న బట్టలు నావి కావు. ఎవరివంటే..."

"నోర్ముయ్! ఈ సాకులన్నీ నాకు తెలుసు," అంటూ పెద్దిరాజు తలుపుకి తాళం వేయించి, లక్క ముద్ర గుద్దించాడు.

పండగ తెల్లవారింది. కొలువు తీరింది. ఆ కొలువు చూడాల్సిందే! సేనాపతి పెళ్ళినాటి అంగీలో దూరి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మంత్రి మెడదాకా దుప్పటి కప్పుకున్నాడు. పెద్దిరాజు తలకి ఎర్రటి పాగా చుట్టాడు గానీ, దాని పమిట కొంగు మాత్రం వీపు మీద వేలాడుతూనే ఉంది. భార్య చీర మరి.

రాజు స్వయంగా వేట బట్టల్లో వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమిటీ వేషాలు? నా జరీ అంగీ ఏది? సింగమ్మ ఇంట్లో ఉందట కదా! అది నా..."

బాచన ఒక్క గెంతున ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"ప్రభూ, 'అది నాది' అని మాత్రం అనకండి! అన్నారో, నలభై వరహాలు తమరూ కట్టాలి!"

రాజు ఆ మాటని గుటుక్కున మింగేశాడు. మంత్రి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. తన తలపాగా కూడా అక్కడే ఉందని పెద్దిరాజుకి రాత్రే తెలిసింది. కానీ నోరు విప్పితే తానే కట్టాలి మరి!

"ఇంతకీ ఆ మధ్యాహ్నం ఆమె బాదుతున్న బట్టలు ఎవరివి?" అన్నాడు రాజు, గొంతు తగ్గించి.

"చెబితే కొడతారేమో ప్రభూ. తమరి తలగడ గలేబులే!"

రాజు ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి సేనాపతి కూడా నవ్వబోయాడు, అంగీ వీపున పర్రుమని చిరిగింది. ఇక కొలువంతా గొల్లుమంది.

"సింగమ్మ జరిమానా రద్దు! ఆమె నిద్ర చెడగొట్టినందుకు నలభై వరహాలు నేనే ఆమెకిస్తాను. పెద్దిరాజూ, నెల్లాళ్ళపాటు నా గలేబులు నువ్వే ఉతుకు. నా కునుకువేళ, చప్పుడు కాకుండా!" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "బాచనా, రా. నీకు పట్టుశాలువా కప్పాలనుంది."

బాచన మెడ వంచాడు, అంతలోనే ఎత్తాడు.

"ముందు ముద్ర తీయించండి ప్రభూ. ఆ శాలువా కూడా సింగమ్మ ఇంట్లోనే ఉంది!"