గడ్డిలో పిల్ల, గట్టు మీద తల్లి

నల్లకోన అడవిలో జింకలు, కొండముచ్చులు, నెమళ్ళు, కుందేళ్ళు ఉండేవి. ఎండాకాలం వచ్చిందంటే కొండ అవతలి నుంచి రేచుకుక్కల గుంపు కూడా వేటకు దిగేది. వాటిని ఎవరూ పిలవలేదు, అయినా ఏటా వచ్చేవి.

అక్కడి జింకల్లో ఒక ఆచారం ఉంది. పిల్ల పుట్టగానే మందలోని ముసలి జింక వచ్చి, తల్లి చెవిలో దేవుడి మాట చెబుతుంది. కుందన అనే జింకకు మొదటి పిల్ల పుట్టినప్పుడు కూడా అలాగే చెప్పింది.

"చూడమ్మా, పది రోజుల దాకా నీ పిల్లకు వాసన ఉండదు. ఇది దేవుడు మన జాతికి ఇచ్చిన మాట. ఒళ్ళంతా శుభ్రంగా నాకి, గడ్డిలో పడుకోబెట్టి, దూరంగా వెళ్ళి మేసుకో. పొద్దునా సాయంత్రం పాలివ్వు. మధ్యలో మాత్రం దగ్గరికి పోకు. నీ వాసనే దానికి ఆపద. మిగతాది ఆయన చూసుకుంటాడు."

వినడానికి బాగానే ఉంది, చేయడమే కష్టం! కుందన రోజూ పొద్దున్నే పిల్లకు పాలిచ్చి, "కదలకు తల్లీ, సాయంత్రం వస్తాను" అని చెప్పి గట్టెక్కేది. మేస్తున్నదన్న మాటే గానీ ఒక్క పరక గొంతు దిగేది కాదు. ఆకు రాలినా ఉలిక్కిపడేది. గడ్డి వైపు నాలుగడుగులు వేసేది, ముసలి జింక మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చేది. మళ్ళీ వేసేది, మళ్ళీ వచ్చేది. పాపం, అలా తిరిగి తిరిగి గట్టు మీద బాటే పడింది.

ఇదంతా చూసి జవన నవ్వేది. జవన ఆ మందలోకెల్లా వేగంగా పరిగెత్తే జింక. దానికీ ఆ వారమే పిల్ల పుట్టింది. అది మాత్రం పిల్లను పక్కనే తిప్పుకునేది.

"ఎప్పటి మాటో పట్టుకుని పిల్లను గడ్డిలో వదిలేశావా, కుందనా?" అంది. "నాకు నా కాళ్ళ మీదే నమ్మకం. రేచుకుక్కలు నా దరిదాపులకు కూడా రాలేవు."

"నీ కాళ్ళు సరే అక్కా. మరి పిల్ల కాళ్ళో?" అంది కుందన.

జవన మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఆరో రోజు మధ్యాహ్నం మద్దిచెట్టు చిటారుకొమ్మ నుంచి కొండముచ్చు అరిచింది. "రేచుకుక్కలు! వాగు దాటాయి! పరిగెత్తండి!"

మంద చెల్లాచెదురైంది. కుందన ఒక బండ చాటుకు చేరింది. అక్కడి నుంచి గడ్డి కనిపిస్తోంది. ఎనిమిది కుక్కలు నేల వాసన చూస్తూ గడ్డిలోకి దిగాయి. కుందన కాళ్ళు అటే లాగాయి. ఒక అడుగు వేసింది కూడా.

"దేవుడా, మాట ఇచ్చింది నువ్వు" అనుకుంది కోపంగా, ఏడుపుగా. "నా కాళ్ళు ఆగడం లేదు. నువ్వే ఆపు."

ఆగింది. వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

సరిగ్గా పిల్ల ఉన్న చోట ఒక కుక్క నిలబడింది. ముక్కు పైకెత్తింది, కిందికి దించింది. దానికి ఏమీ తెలియలేదు. ముందుకు పోయింది. మిగతావీ దాని వెంటే పోయాయి.

గడ్డి దాటాక వాటికి జవన అడుగుల వాసన తగిలింది. జవన నిజంగానే గాలిలా పరిగెత్తింది. కొండ మలుపు దాకా వెళ్ళి తిరిగి చూస్తే పక్కన పిల్ల లేదు.

సాయంత్రం కుందన గడ్డిలోకి పరుగున వచ్చింది. పిల్ల చెవులు వంచుకుని, పొద్దున పడుకోబెట్టినట్టే ఉంది.

"ఒక కుక్క నా మీద నుంచే దాటిందమ్మా" అంది మెల్లగా.

"భయం వేయలేదా తల్లీ?"

"చాలా వేసింది."

"మరి కదలకుండా ఎలా ఉన్నావు?"

"సాయంత్రం వస్తానన్నావు కదా అమ్మా!" అంది పిల్ల, ఇంకేం కావాలన్నట్టు.

కుందన పిల్లను నాకుతూ తలెత్తి చూసింది. గట్టు మీద జవన తన పిల్లను పిలుస్తూ అటూ ఇటూ తిరుగుతోంది, కుందన నడిచి నడిచి వేసిన ఆ బాట మీదే.

నీతి: భయం వేయడం తప్పు కాదు. భయంలో కూడా దేవుడి మాటను వదలని వారిని ఆ మాటే కాపాడుతుంది.