నిప్పు దరువు

ఒకానొక రాజ్యంలో డప్పు దరువులన్నీ రాజుగారి సొత్తు. పెళ్లికొకటి, సంతకొకటి, నిప్పంటుకుంటే ఒకటి అని ఏర్పాటు చేసి, మోగించే గుత్త ఉప్పు వర్తకుడు వీరభద్రప్పకిచ్చారు. నిప్పు దరువు వినబడితే ఊరంతా నీళ్ల బిందెలతో ఉరకాలని శాసనం.

సంత దరువుకు జనం తాపీగా వస్తున్నారని, వీరభద్రప్ప తన ఉప్పు అమ్ముకోవడానికి నిప్పు దరువే వేయించసాగాడు. చివరికి కుమ్మరి ఓబులమ్మ పాక నిజంగానే అంటుకున్న రోజున, "ఆ, ఉప్పు బేరమేలే" అని ఒక్కరూ కదల్లేదు. పాక బూడిదైంది.

ఓబులమ్మ ఇల్లిల్లూ తిరిగి, "ఈసారి మోగితే బిందెలు నింపుకుని మరీ రండి" అని చెప్పింది.

దరువు మోగింది. ముందుగా ఓబులమ్మ, వెనక ఊరంతా ఉప్పు బస్తాల మీద నీళ్లు కుమ్మరించారు. సరుకంతా కరిగి కాలవలో కలిసింది.

"నిప్పే లేదు ప్రభూ, నన్ను ముంచేశారు!" అని వీరభద్రప్ప రాజుగారి దగ్గర మొత్తుకున్నాడు.

"నిప్పుంటే చల్లార్చాం దొరా. లేకపోతే ఆ దరువెందుకు వేయించాడో ఆయన్నే అడగండి" అంది ఓబులమ్మ.

ఆమెకు వీరభద్రప్పే పాక కట్టించాలని, అతని గుత్త రద్దని రాజుగారు తీర్పిచ్చారు. ఆ కబురు సంత దరువు మీదే చాటించారు. ఆ రోజు మాత్రం జనం ఉరుక్కుంటూ వచ్చారు.