శాస్త్రిగారిని భుజానెత్తిన చప్పుడు

మా రాజుగారు అనంగభూపతికి ఆ రోజు కొత్త ముచ్చట పుట్టింది. ఓడ పగిలి మా రేవుకు కొట్టుకొచ్చిన మ్బేలాను కోట డోలు వాయించే పనిలో పెట్టుకుంటానన్నారు. మ్బేలా పడమటి సముద్రం అవతలి బాంటూ జాతి మనిషి.

ఆస్థాన పండితులు పేరిశాస్త్రిగారు వెంటనే అడ్డం పడ్డారు.

“ప్రభూ, వీడికి భాషే లేదు. మకారాన్నీ బకారాన్నీ కలిపి ఒక్క గుక్కలో మింగి మాట మొదలెడతాడు. అదే మాటని ఓసారి పైకెత్తి అంటాడు, ఓసారి కిందికి దించి అంటాడు. ఇది వట్టి కూత. గనిలో రాళ్లు కొట్టడానికి పంపండి.”

అంత పండితుడికీ ఆ పేరు నోరు తిరగలేదు. ‘ముబేలా’ అన్నారు, ‘ఎంబేలా’ అన్నారు, ఆఖరికి ‘వీడు’ అని సరిపెట్టుకున్నారు.

రాజుగారు ఓ షరతు పెట్టారు. “పొద్దుగూకేలోగా ఇది భాషేనని ఎవరైనా రుజువు చేస్తే కొలువిస్తాను. లేదంటే గనికే.”

బుద్ధి లేక నేను లేచాను.

నా పేరు ఓబన్న. రాజుగారిని నవ్వించడం నా ఉద్యోగం. నిజానికి నేను పాటగాణ్ణవుదామని వచ్చాను. గొంతెత్తిన మొదటి రోజే గురువుగారు చెవులు మూసుకుని, హెచ్చుకీ తగ్గుకీ తేడా తెలియని శాల్తీని ఇదే చూడటం అన్నారు.

రెండు నెలలుగా నేనూ మ్బేలా ఏనుగుల సాలలో ఒకే గదిలో ఉంటున్నాం. అతని మాటలన్నీ మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. ఇంకేం, నాలుగు రోజుల్లో పట్టేస్తాననుకున్నాను. కానీ ప్రతి అక్షరానికీ ఒక ఎత్తు ఉంది. ఆ ఎత్తు తప్పితే అర్థమూ తప్పుతుంది. నేను అన్నిటినీ ఒకే మట్టాన లాగించేవాణ్ణి. ఓ పూట అన్నం పెట్టమన్నాననుకున్నాను. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. నేనేమన్నానో ఈనాటికీ చెప్పలేదు.

చెవి పనికిరాదని తేలాక నా చేతులకు నేర్పాడు. ఓ దుంగ తొలిచి డోలు చేశాడు. కుడి అంచు మీద కొడితే హెచ్చు, ఎడమ అంచు మీద కొడితే తగ్గు. వాళ్ల దేశంలో ఊరి నుంచి ఊరికి కబుర్లు అలాగే వెళ్తాయట.

ఆ దుంగనే సభకు తెప్పించాను. మ్బేలాను గోడవైపు తిప్పి నిలబెట్టాను.

“ఇంతసేపూ కూత, ఇప్పుడు చప్పుడా?” అన్నారు శాస్త్రిగారు.

నాకు వచ్చినవి మూడే కబుర్లు. ‘తిండికి రండి’ అంటే మా వంటవాళ్లు ఒప్పుకోరు. ‘వాన వస్తోంది’ అంటే బయట ఎండ మండిపోతోంది. ఇక మూడోదే గతి. ఒక్కో దెబ్బా చూసుకుంటూ వాయించాను. తప్పితే గనికి పోయేది అతను కదా.

మ్బేలా గిరుక్కున తిరిగాడు. ఒక్క దూకున సభ దాటి, అక్కడున్న ఒకే ఒక్క ముసలాయన్ని, అంటే పేరిశాస్త్రిగారిని, పీట మీంచి అమాంతం ఎత్తి భుజాన వేసుకున్నాడు. కాలితో పీటని తన్నేశాడు.

“ఏం వాయించావురా?” అన్నారు రాజుగారు.

“ముసలాయన పీట కింద పాము ఉందని, ప్రభూ.”

భటులు వెతికారు. పామూ లేదు, కనీసం బల్లి కూడా లేదు.

రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి. “నిండు సభలో అబద్ధమా?”

నేనన్నాను:

“వట్టి చప్పుడు అబద్ధమాడజాలదు ప్రభూ. అబద్ధమాడటానికి భాష ఉండాలి.”

రాజుగారు నవ్వాపుకుంటూ శాస్త్రిగారివైపు చూశారు. ఆయన ఇంకా భుజం మీదే తలకిందులుగా వేలాడుతున్నారు.

“ఒరేయ్ ఓబన్నా,” అన్నారు శాస్త్రిగారు నీరసంగా, “నన్ను దించమని వాడి భాషలో చెప్పరా.”

సభ గొల్లుమంది. రాజుగారు తన కంకణం తీసి మ్బేలా చేతికి తొడిగారు, కోట డోలు అప్పగించారు. నాకో పట్టుశాలువా కప్పారు.

దించమనడం ఎలాగో మాత్రం నాకు రాదు. దణ్ణం పెట్టి సైగ చేశాను.