దండోరాలో రెండో పేరు

వరస మరిచిపోకముందే చెప్పేస్తాను, ముందువెనకలైతే సర్దుకోండి. రాజు జ్వరంతో స్పృహ లేక పడి ఉండగా, సైన్యాన్ని నడిపే దళవాయి భైరవుడు మంత్రిని చెరలో వేసి, దండోరా వేసే లింగడి మెడమీద కత్తి పెట్టాడు.

"రాజూ మంత్రీ పోయారు, ఇక నేనే రాజునని చాటరా."

లింగడు డప్పు సవరించుకుంటూ ఆలోచించాడు. చాటాడా, లోపలున్న ఇద్దరినీ ఇతను బతకనివ్వడు.

"చిత్తం దొరా. తమ తర్వాత రాజెవరో కూడా చాటడం ఆనవాయితీ. ఎవరి పేరు చెప్పమంటారు?"

"కోటపాలకుడు మల్లప్ప. ఇడుగో, పక్కనే ఉన్నాడు."

"ఆయనా తమలాగే తొందరపడితే, మళ్లీ నన్నే పిలుస్తారా దొరా?"

భైరవుడు తల తిప్పాడు. మల్లప్ప చెయ్యి కత్తిపిడి మీద ఉంది.

తనకు పైన రాజూ మంత్రీ ఇద్దరూ ఉంటేనే తన మెడ క్షేమమని భైరవుడికి అర్థమైంది. మంత్రిని వెంటనే విడిపించాడు.

కనకం, నువ్వు రాసుకున్నదాంట్లో పేర్లు ఒకసారి సరిచూడవే తల్లీ. భైరవుణ్ణీ మల్లప్పనీ తారుమారు చేశానేమో.