దస్తగిరమ్మ జోలె

అనగనగా కడప దిక్కున ఒక ఊళ్ళో రెండే రెండు వీధులుండేవి బంగారూ. ఒకటి రాములవారి గుడి వీధి, ఇంకోటి మసీదు వీధి.

గుడి వీధిలో దస్తగిరమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. ఆ పేరేంటని నవ్వకు. ఆమెకంటే ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. అప్పుడు వాళ్ళమ్మ దస్తగిరిస్వామి దర్గాకు పోయి, ఈ బిడ్డ బతికితే నీ పేరే పెడతాను స్వామీ అని మొక్కుకుంది. బతికింది. దస్తగిరమ్మ అయింది. మసీదు వీధిలో కాశింబీ ఆమెకు చిన్ననాటి నేస్తం. ఇద్దరూ కలిసి ఎవరి దొడ్లోనో చింతకాయలు కోసుకొచ్చి తన్నులు తిన్నవాళ్ళే.

ఒక ఏడు రాములవారి ఊరేగింపు మసీదు ముందుకొచ్చింది. లోపల నమాజు జరుగుతోంది. ఏటా అక్కడ డప్పులు ఆపేవాళ్ళు. ఆ ఏడు కుర్రకారు ఆపలేదు. మాటా మాటా పెరిగింది. అప్పుడు కాశింబీ కొడుకు మౌలాలి రాయి విసిరాడు. అది పోయి దస్తగిరమ్మ కొడుకు ఓబులేసు తలకు తగిలింది. ఇంకేముంది! మాటలు ఆగిపోయాయి, రాకపోకలు ఆగిపోయాయి, వీధుల మధ్య ముళ్ళకంప అడ్డం పడింది.

ఓబులేసు తలకు కట్టుతో, ఒళ్ళు తెలియని జ్వరంతో పడుకున్నాడు. తల్లి ప్రాణం కదమ్మా, కొట్టుకుపోయింది. "ఆ మౌలాలిగాని చెయ్యి పడిపోను!" అని తిట్టింది. తిడుతూనే, చిన్నప్పటి అలవాటు ఎక్కడికి పోతుంది, గబగబా చేతికి మొక్కు దారం కట్టుకుంది. "దస్తగిరిస్వామీ, నా బిడ్డను నిలబెట్టు. నీ పేరుతో జోలె పడతాను" అనేసింది.

తెల్లారేసరికి జ్వరం దిగింది. ఓబులేసు లేచి కూర్చున్నాడు. తల్లి చేతికి దారం చూసి మండిపడ్డాడు.

"వాళ్ళ రాయి తగిలితే వాళ్ళ స్వామికే మొక్కుతావా?"

"వాళ్ళ స్వామి ఏందిరా? నేను పుట్టింది ఎవురి దయతో?" అంది దస్తగిరమ్మ.

అన్నదే గానీ, ఆమెకు అప్పుడు గుండె జారింది. ఎందుకో తెలుసా? ఆ ఊళ్ళో ఆ మొక్కుకొక పద్ధతుంది. జోలెలో రెండు వీధుల బియ్యమూ పడాలి. అన్నీ కలిపి వండాలి. రెండు వీధుల చేతులూ ముద్ద పెడితేనే దారం విప్పాలి. అందాకా మెతుకు ముట్టకూడదు. పిచ్చితల్లి, కంగారులో కంప సంగతే మరిచిపోయింది. మొక్కు తప్పితే మళ్ళీ కొడుక్కి ఏమవుతుందోనని వణికిపోయింది.

ముందు తన వీధిలో తిరిగింది. జోలె పట్టిన మనిషిని కాదనకూడదు కాబట్టి మొహాలు ముడుచుకునే తలా గుప్పెడు వేశారు. ఆ తర్వాత కంప దగ్గరికి పోయి పిలిచింది. అవతల మగవాళ్ళు "పో అవ్వా, మాకు నీతో పనిలేదు" అన్నారు. ఆ తర్వాత ఆమె ఎక్కడికీ పోలేదు. జోలె ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూలబడింది. ఎండ నెత్తికెక్కింది. నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. కళ్ళు తేలిపోతున్నాయి.

అప్పుడు కాశింబీ వచ్చింది. తన వాళ్ళు వద్దన్నా వచ్చింది. కంప మీదుగా గుప్పెడు బియ్యం వేసింది. అవి ముళ్ళలో చిక్కి సగం నేలపాలయ్యాయి. అది చూసి భోరున ఏడ్చింది.

"అక్కా, నువ్వు సచ్చిపోతే నీ పక్కన కూచుని ఏడ్చేదానికి నేను రావల్ల గదా! ఈ ముళ్ళలో యాడనించి వచ్చేది?"

తల్లిని ఇంటికి లాక్కుపోదామని వచ్చిన ఓబులేసు ఆ మాట విన్నాడు. ఏమనుకున్నాడో ఏమో, పోయి గొడ్డలి తెచ్చాడు. అవతల మౌలాలి తన మీదికే వస్తున్నాడనుకుని కొడవలి ఎత్తాడు. ఓబులేసు ఎవరి వంకా చూడలేదు. వంగి, కంప మొదట్లో ఒక్క వేటు వేశాడు. ఇంకొకటి వేశాడు. మౌలాలి ఎత్తిన కొడవలి దించాడు. ఆ తర్వాత వాడు కూడా వంగి అటుపక్క నించి నరికాడు.

కాశింబీ దారి చేసుకుని వచ్చి జోలె నింపింది. నరికిన కంపే పొయ్యిలో పెట్టి అక్కడే వండారు. ఓబులేసు తల్లికి ఒక ముద్ద పెట్టాడు. ఇంకో ముద్ద ఎవరు పెట్టాలి? కాశింబీ కొడుకును ముందుకు నెట్టింది. మౌలాలి ముద్ద కలిపి ముసలామె నోటి దాకా తెచ్చాడు. వాడి చెయ్యి గడగడా వణికింది. దస్తగిరమ్మ ఆ చేతిని పట్టుకుంది.

"రాయి ఏసేటప్పుడు వణకని చెయ్యి, అన్నం పెట్టేటప్పుడు వణుకుతుందేమిరా నాయనా?"

వాడు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఆమె ఆ ముద్ద తిని, కళ్ళు తుడుచుకుని, చేతి దారం విప్పింది.

కంప పోయె పొయ్యిలోకి,
కథ పోయె కంచిలోకి,
కళ్ళు మూసుకో నా తల్లీ,
నువ్వు రా నా ఒడిలోకి.