కందనకాయలో రాళ్లు

1968 డిసెంబరు 10, మంగళవారం. పొద్దు పదిగంటలైనా మదనపల్లె పక్క కొండలను మంచు వదల్లేదు. గాలి లేదు. ఎదురుగా వచ్చేది మనిషో ఆవో దగ్గితే గానీ తెలియదు. ఆవులూ దగ్గుతాయి కనుక అప్పుడూ నమ్మకం లేదు.

ఆ మంచులో విశ్వలింగం భుజాన సంచి తగిలించుకొని, గురువు దగ్గర సెలవు తీసుకోవడానికి వచ్చాడు. గురువు పెంచలయ్య ఈతచాపలు అల్లుకొని బతికే సంసారి. ఏదైనా అడిగితే జవాబు చెప్పకుండా మరో సంగతి ఎత్తుకోవడం ఆయన అలవాటు.

“పదకొండేళ్లయింది స్వామీ. ‘వచ్చినవాడు ఇంకా బయల్దేరలేదు’ అని ఒక్క మాట మననం చేసుకోమని ఇచ్చారు. ఈనాటికీ నాకు అరగలేదు. నాతోపాటే మీ దగ్గర చేరిన చెంగయ్యకు ఏడాదికే అర్థమైంది, ఊరూరా తిరిగి చెబుతున్నాడు. అరగనిదాన్ని మోసుకు తిరగడమెందుకు? మీ మాట మీకిచ్చేసి వెళ్లిపోతాను.”

పెంచలయ్య చాప అల్లడం ఆపలేదు. “కోళ్ల అలికిడి లేదేమి నాయనా?” అన్నాడు.

కోళ్లను చూసుకోవడం విశ్వలింగం పనే. శాకాహారుల ఇంట పుట్టినవాడు, కోడిని కోసేటప్పుడల్లా అవతలికి పోయేవాడు, అదివరకు ఎన్నడూ చూడలేదు. నెల కిందట పెంచలయ్య కోడలు నాగరత్నమ్మ చుట్టాల కోసం కోడిని కోసి, కడుపులోని కందనకాయ చీలిస్తే, అందులోంచి గులకరాళ్లు జలజలా రాలాయి. చూసి అతని ప్రాణం ఉసూరుమంది. ఆకలికి రాళ్లు మింగింది కాబోలు, తప్పు నాదే అనుకున్నాడు. మర్నాటి నుంచి కోళ్లను బయటికి వదలలేదు. బండలు పరిచిన వసారాలో తడిక కట్టి, జొన్నలు రెండుసార్లు జల్లించి, రాయీరప్పా ఏరి, పసిబిడ్డకు పెట్టినట్టు పెట్టాడు.

ఇద్దరూ వెళ్లి చూశారు. ఆరు కోళ్లూ రెక్కలు వాల్చి, ఏదో మరిచిపోయినట్టు నిలబడి ఉన్నాయి. పెంచలయ్య ఒకదాన్ని పట్టుకొని గొంతు కింద తడిమాడు. జొన్నల మూట పట్టుకున్నట్టే గట్టిగా ఉంది.

విశ్వలింగం తను చేసిందంతా చెప్పాడు. వెనకే వచ్చిన నాగరత్నమ్మ నెత్తి కొట్టుకుంది.

“అయ్యో అన్నా! కోడికేమన్నా పండ్లున్నాయా నమిలేదానికి? మా అత్త పండ్లు రాలినంక వక్కాకు రోట్లో దంచుకొనేది. కోడికి ఆ రోలు కడుపులోనే ఉండాల గదా! మెత్తగా తవుడు పిసికి పెట్టుంటే రాళ్లు లేకనే బతికేవి. గింజలు పోసి రాళ్లేరేస్తే ఎట్లన్నా?”

పెంచలయ్య తడిక తీసి ముందు నడిచాడు. వెనక కోళ్లు, వాటి వెనక సంచితో విశ్వలింగం. నీళ్లెండిన వంక దగ్గర మంచు మరీ చిక్కగా ఉంది. కోళ్లు కనబడడం మానేశాయి. ముతక ఇసుక మీద ముక్కుల చప్పుడు మాత్రం, ఎక్కడో ఎవరో తీరిగ్గా చిరుధాన్యం చెరుగుతున్నట్టు, వినబడుతూ ఉంది. ఎంతసేపు గడిచిందో తెలియదు. ఒక కోడి అతని కాళ్ల దగ్గరికొచ్చి, ఇసుకలోనే మెడ వాల్చేసింది. అతను దాన్ని ఒళ్లోకి తీసుకొని కూర్చున్నాడు. అది మళ్లీ లేవలేదు.

“మిగతావాటికి ఈ రాళ్లు ఎప్పటికి అరుగుతాయి స్వామీ?” అన్నాడు.

“అవి అరగడానికి కాదు నాయనా.”

విశ్వలింగం చాలాసేపు ఆ చప్పుడు వింటూ కూర్చున్నాడు. ఆ రోజు వెళ్లలేదు. తర్వాత కూడా వెళ్లలేదు.

రెండేళ్లకు పెంచలయ్య మంచం పట్టి, పంపకం చెప్పాడు. పాక, ఈతవనం కొడుక్కి. కోళ్లు నాగరత్నమ్మకు. తంబురా, కూర్చునే చాపా చెంగయ్యకు. సభలకు పోయేవాడు గనుక. విశ్వలింగానికి పుల్లముక్క కూడా దక్కలేదు.

నాగరత్నమ్మ ఉండబట్టలేక, “ఆ అన్నకేమీ లేదా మామా?” అంది.

పెంచలయ్య కళ్లు తెరవకుండానే నవ్వాడు.

“వాడి కందనకాయ నిండుగానే ఉందిలే తల్లీ.”