సుంకులమ్మ చేనిలో గులకరాళ్లు

ముత్యాలప్పయ్యను ప్రశ్న అడగాలంటే ఆశ్రమంలో అందరికీ భయమే. ఆయన జవాబు చెప్పరు, ఏదో ఒక పని నెత్తిన వేస్తారు.

ఓబులేసుకు ఈ సంగతి తెలియదు. జనానికి సేవ చేసి తీరాలని పట్నంలో ఉద్యోగం మానుకుని వచ్చి నెల కూడా కాలేదు. ఒక పొద్దున ఊరికే ఉండక, "అయ్యా, ఎదుటివాళ్లకు ఏది మేలో మనకెట్లా తెలుస్తుంది?" అని అడిగేశాడు. అయ్య వేపపుల్ల నములుతూనే, "కొండవార సుంకులమ్మ చేనుంది. మనిషి సాయం కావాలంది. పో," అన్నారు.

సుంకులమ్మది రెండెకరాల ఎర్రనేల. బోరు లేదు, వానే దిక్కు. వరసగా రెండేళ్లు చెనిక్కాయ, అదే వేరుశనగ, పంట చేతికి రాలేదు. కొడుకూ కోడలూ బెంగళూరుకు కూలికి పోయారు. ఈసారీ పంట పోతే చేను బీడు పెట్టి తానూ అక్కడికే పోయి ఇసుక తట్టలు మోయక తప్పదు. పోనంటే పోనని మొండికేసింది. ఓబులేసు వెళ్లేసరికి ఆమె కూతురి కాన్పుకు బయలుదేరుతోంది. "చేన్లోకి మేకల్ని రానియ్యకప్పా, అంతే చాలు," అని చెప్పి బస్సెక్కింది.

మేకల్ని తోలడం మన ఓబులేసుకు ఏం ఆనుతుంది? చేను నిండా గులకరాళ్లు కనిపించాయి. పాపం, ముసలిది ఏరుకోలేక వదిలేసిందనుకున్నాడు. పన్నెండు రోజులు నడుము పడిపోయేలా, వేళ్లు పగిలేలా ఏరాడు. ఎకరం నేల అద్దంలా చేసి, రాళ్లన్నీ గట్టు పక్కన కుప్ప పోశాడు. తన కష్టం చూసుకుని తనకే ముచ్చటేసింది.

సుంకులమ్మ వచ్చింది. చూసింది. గట్టు మీద కూలబడిపోయింది.

"చేని మింద బట్ట పెరికేసినావు కదరా నాయనా!"

ఓబులేసుకు రోషం పొడుచుకొచ్చింది. "రాళ్లు తీయడం తప్పా అవ్వా?" అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఏరని ఎకరంలోకి లాక్కుపోయి, ఒక రాయి ఎత్తమంది. ఎత్తాడు. అయిదు రోజుల కింద పడిన జల్లుకు అడుగున మన్ను ఇంకా చల్లగా, తడిగా ఉంది. ఏరిన చోట గుప్పెడు తీస్తే దుమ్మై గాలికి పోయింది.

"నాగటికి తగిలే బండలైతే గట్టుకు పోవాల. ఈ గులకలు తడిని ఆరనియ్యవు, వానకు మన్ను కొట్టుకుపోనియ్యవు. మా అత్త ఒక్కటి తీయనిచ్చేది కాదు," అంటూ కళ్లు తుడుచుకుంది.

ఓబులేసు ముఖం వేలాడేసుకుని ఆశ్రమానికి వచ్చి జరిగినదంతా చెప్పాడు. అయ్య విన్నారు. "మరి నువ్విక్కడెందుకున్నావు?" అన్నారు.

ఆ మాట చురుక్కుమంది. పరుగున వెనక్కి వెళ్లి గంప అందుకున్నాడు. ఏరిన రాళ్లను తిరిగి చేన్లో కుప్పలు కుప్పలుగా కుమ్మరిస్తే సుంకులమ్మ ఊరుకోలేదు, విత్తనం చల్లినట్టు చల్లమంది. దక్షిణాన మబ్బు కమ్ముతుంటే ఇద్దరూ తిండి కూడా నిలబడే తిన్నారు. ఇంకా పావెకరం మిగిలి ఉండగానే వాన దిగింది. అదును పోతుందని ఆమె చేనంతా విత్తేసింది.

తర్వాత ఇరవై ఆరు రోజులు చినుకు లేదు. ఓబులేసు రోజూ తెల్లారగానే చేనికి పోయి నిలబడేవాడు. బోడి పావెకరంలో మొక్కలు అతని కళ్లముందే మాడిపోయాయి. మిగతా చేను మధ్యాహ్నానికి వాడిపోయి, సాయంత్రానికి మళ్లీ తలెత్తేది. ఇరవై ఏడో రోజున వాన పడింది. సుంకులమ్మ బెంగళూరుకు పోలేదు.

చెనిక్కాయలు ఇల్లు చేరాక ఓబులేసు అయ్య దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఈసారి ప్రశ్నేమీ తేలేదు.

"మిగిలిన పావెకరంలో కూడా రేపటి నుంచి రాళ్లు పరుస్తానయ్యా," అన్నాడు.

"ఎంత ఒత్తుగా పరవాలో తెలుసునా?"

"తెలీదు. అవ్వనడిగి పరుస్తా."



"రేపు నేనూ వస్తానని చెప్పు. నాక్కూడా ఒక గంప చూసి పెట్టమను."